పాత జెడ్ కారులో ఇంజిన్ మార్చాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

నిస్సాన్ వాళ్ల పాత స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్ చేతికి రాగానే చాలామంది మొదట అడిగేది ఒక్కటే, ఇందులో నిస్సాన్ టర్బో ఇంజిన్ ఆర్‌బీ26 వేయాలా, అమెరికన్ వీ8 వేయాలా అని. ఉన్న ఇంజిన్ అసలు ఎలా ఉందో కంప్రెషన్ కూడా చూసుకోకముందే ఈ ప్రశ్న వస్తుంది. నన్నడిగితే ముందు అదే నిస్సాన్ కుటుంబంలోని తర్వాతి కార్ల పార్టులు చూడండి. అవి చాలావరకు కోత లేకుండా బోల్టులతోనే కూర్చుంటాయి, రేపు మనసు మారితే విప్పేయవచ్చు. బయటి ఇంజిన్ గురించి దాని తర్వాత ఆలోచించండి, అది కూడా గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, బ్రేకులు, వైరింగ్ అన్నీ లెక్క వేసుకున్నాక.

ఈ మాట ఎస్30 బాడీ జెడ్ కార్లకి అన్నిటికంటే బాగా వర్తిస్తుంది కాబట్టి ఎక్కువగా వాటి గురించే చెబుతాను. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా వచ్చి, బయటి దేశాలకి డాట్సన్ 240జెడ్, తర్వాత 260జెడ్, 280జెడ్ పేర్లతో వెళ్లిన కార్లు ఇవి. తర్వాత 280జెడ్‌ఎక్స్ వచ్చింది, బాడీ వేరు కానీ ఇంజిన్ కుటుంబం ఒకటే. మనకు పనికొచ్చే పార్టులు ఎక్కువగా ఉండేది ఆ జెడ్‌ఎక్స్‌లోనే.

అసలు ముట్టుకోవచ్చా?

మీ దగ్గరున్నది జెడ్432 అయితే ఈ వ్యాసం మీకు కాదు. స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఎస్20 ఇంజిన్, సిలిండర్‌కి 4 వాల్వులు, 160 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే), తయారైనవి 420 చుట్టుపక్కల. దాంట్లో ఒక్క స్క్రూ కూడా మార్చకండి. మొదటి ఏడాది 240జెడ్‌లు కూడా, ఇంజిన్ నంబరూ చాసిస్ నంబరూ కారుతో వచ్చినవే అయితే, వెనక్కి తిప్పలేని పని ఏదీ చేయకపోవడమే మంచిది. మిగతావి, అంటే ఎవరో ఎప్పుడో ఇంజిన్ మార్చేసినవి, రంగు మార్చినవి, 260, 280 మోడళ్లు, వీటిలో మీ ఇష్టం.

తుప్పు సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. బ్యాటరీ ట్రే కింద, ఫ్లోర్ పాన్‌ల మీద, వాటి కింద నడిచే ఫ్రేమ్ రెయిళ్లలో, వెనక చక్రాల ముందు కింది మూలల్లో, వెనక డోరు కింద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. ఫ్రేమ్ రెయిళ్లు కొత్తలోనే పలచన. అవి తినేసిన కారులో 350 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టడమంటే డబ్బు వెల్డింగ్‌లో పోయాల్సింది పోయి ఇంజిన్‌లో పోసినట్టే, కారు మాత్రం జాక్ పెట్టిన చోట లోపలికి నొక్కుకుపోతూనే ఉంటుంది.

హార్స్‌పవర్ అంకెలతో జాగ్రత్త

240జెడ్‌కి 151, 280జెడ్‌కి 149 అని చూసి, పెద్ద ఇంజిన్ పెట్టినా పవర్ పెరగలేదేంటి అనుకుంటారు. 151 అనేది గ్రాస్ అంకె, అంటే ఫ్యాన్, ఆల్టర్నేటర్, అసలు సైలెన్సర్ వగైరా లేకుండా టెస్ట్ బెంచి మీద కొలిచింది. 149 అవన్నీ పెట్టి కొలిచిన నెట్ అంకె. 1972 ప్రాంతంలో అమెరికాలో కంపెనీలు గ్రాస్ నుంచి నెట్‌కి మారాయి. కాబట్టి ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పాత 240 నెట్‌లో కొలిస్తే 151కి బాగా కిందే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అమ్మేవాళ్లు ఏ అంకె లాభమైతే ఆ అంకె చెబుతారు, మీరే చూసుకోవాలి.

ఇంజిన్: నాలుగు దారులు

మొదటిది, ఉన్న ఎల్24నే ఓవర్‌హాల్ చేసి ఉంచుకోవడం. 2393 సీసీ, ఆరు సిలిండర్ల వరస ఇంజిన్, ఇనుప బ్లాక్, ఒకే క్యామ్. ఇది గట్టి ఇంజిన్, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, చిన్నది కాబట్టి తిరగడానికి ఇష్టపడుతుంది. కారు అంతా కలిపి సుమారు 1,045 కిలోలే కావడంతో వాల్వులు సరిగ్గా కూర్చుని కార్బ్యురేటర్లు బాలెన్స్‌లో ఉన్న ఎల్24 రోడ్డు మీద సరదాగానే ఉంటుంది. చాలామంది "స్లోగా ఉంది" అని అమ్మేసే ఇంజిన్లలో అసలు జబ్బు పవర్ తక్కువ కావడం కాదు, ఎవరూ యాభై ఏళ్లుగా సరిగ్గా ట్యూనింగ్ చేయకపోవడం.

రెండోది, ఎల్28 పెట్టడం. నా ఓటు దీనికే. 2753 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 86, స్ట్రోక్ 79 మిల్లీమీటర్లు. బయటికి చూస్తే ఎల్24లాగే ఉంటుంది, అవే మౌంట్‌లు, గేర్‌బాక్స్ అవే బోల్టులకి కూర్చుంటుంది, పాత కార్బ్యురేటర్లు దాని మీదికే వస్తాయి. కింది నుంచే వచ్చే టార్క్ తేడా మీ కుడికాలికి మొదటి మలుపులోనే తెలుస్తుంది. బానెట్ తెరిచినవాడికి తేడా తెలియదు. పాత ఇంజిన్‌ని ఒక మూల గుడ్డ కప్పి దాచుకోండి, కారుతో పాటు దాన్ని కూడా అమ్మే రోజు రావచ్చు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఎల్ సిరీస్ హెడ్‌లు ఒకదానికొకటి మారతాయి కదా అని చిన్న చాంబర్ ఉన్న పాత ఈ31 హెడ్‌ని, ఫ్లాట్ టాప్ పిస్టన్లున్న తర్వాతి ఎల్28 బ్లాక్, అంటే ఎఫ్54 మీద వేస్తారు. కంప్రెషన్ బాగా పెరుగుతుంది, పేపర్ మీద అందంగా ఉంటుంది. పెట్రోలు ఆక్టేన్ సరిపోకపోతే, టైమింగ్ కొంచెం ముందుంటే, ఎండలో ఎత్తు ఎక్కుతుంటే టకటకమని నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. హెడ్ మార్చేముందు చాంబర్‌లో గాజు పలక పెట్టి సిరంజితో ద్రవం పోసి ఎన్ని సీసీలు పట్టిందో కొలిచి, పిస్టన్ పైభాగం, గాస్కెట్ మందం కలిపి లెక్క వేసుకోండి. ఒక గంట పని ఇది. దీన్ని ఎగ్గొట్టిన ఇంజిన్లు మళ్లీ విప్పాల్సి రావడం మామూలే.

ఎల్28లోనే ఇంకా ముందుకు వెళ్లాలంటే రెండు తోవలున్నాయి. ఒకటి 1981 నుంచి 1983 దాకా జెడ్‌ఎక్స్ టర్బోలో వచ్చిన ఎల్28ఈటీ: కంప్రెషన్ 7.4, కంపెనీ చెప్పిన పవర్ 180, లోపలి భాగాలు బూస్ట్ కోసమే చేసినవి. దాన్ని మొత్తంగా తీసుకొచ్చి పెట్టి, పాత కంప్యూటర్ తీసేసి కొత్త ప్రోగ్రామబుల్ ఈసీయూ పెడితే తక్కువ ఖర్చులో ఎక్కువ పవర్ వచ్చేది ఇక్కడే. రెండోది స్ట్రోకర్: ఎల్‌డీ28 డీజిల్ ఇంజిన్ క్రాంక్‌కి 83 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉంటుంది, బ్లాక్‌ని 89కి బోర్ చేస్తే 3.1 లీటర్లు అవుతుంది. టర్బో లేకుండా ఎల్ ఇంజిన్ అరుపు వినాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదు. కానీ 89కి బోర్ చేసేముందు సిలిండర్ గోడల మందం అల్ట్రాసానిక్ మీటర్‌తో కొలిపించాల్సిందే, పోత పోసినప్పుడు కోర్ కాస్త జరిగిన బ్లాక్ అయితే ఒక పక్క గోడ పలచబడి పగులుతుంది. డీజిల్ క్రాంక్‌లు కూడా ఇప్పుడు అంత సులువుగా దొరకవు. ఈ రెండిట్లో పవర్ కావాలంటే టర్బో, స్వరం కావాలంటే స్ట్రోకర్. రోజూ నడిపేవాడికి రెండూ అక్కర్లేదు.

మూడోది ఆర్‌బీ. నిస్సాన్ రక్తమే కాబట్టి మనసుకి నచ్చుతుంది. ఆర్‌బీ26డీఈటీటీ 2568 సీసీ, 1989 నాటి ఆర్32 జీటీ-ఆర్‌తో వచ్చింది, 280 పీఎస్. పేరు దానిదే కానీ జెడ్‌లో పెట్టడానికి ఆర్‌బీ25డీఈటీయే తెలివైన ఎంపిక. 26 నాలుగు చక్రాల డ్రైవ్ కారులోది, దాని సంప్‌లోనే (కింది ఆయిల్ తొట్టిలోనే) ముందు డిఫరెన్షియల్ ఇల్లు ఉంటుంది, అది జెడ్ క్రాస్‌మెంబర్ దగ్గర పట్టదు. వెనక చక్రాల డ్రైవ్ ఆర్‌బీ సంప్ గానీ ప్రత్యేకంగా చేయించిన సంప్ గానీ కావాలి. దానికి తోడు ధర. 26 పేరుతో అమ్మేదానికి పేరు డబ్బు కూడా కట్టాలి, ఆ తేడాతో 25కి మంచి టర్బో, ఇంజెక్టర్లు, ఈసీయూ వచ్చేస్తాయి. బరువు కూడా గుర్తుంచుకోండి, ఇనుప బ్లాక్‌తో పొడుగాటి ఇంజిన్, టర్బో, ఇంటర్‌కూలర్ అన్నీ ముక్కు మీద కూర్చుంటాయి. ముక్కు బరువే మీ బాధ అయితే అల్యూమినియం బ్లాక్ ఉన్న 1998 సీసీ ఎస్ఆర్20డీఈటీ తేలిక, కారు చురుగ్గా తిరుగుతుంది. కానీ ఆరు సిలిండర్ల కారులో నాలుగు సిలిండర్ల శబ్దం, అది నాకు మాత్రం ఎక్కదు.

నాలుగోది అమెరికన్ జీఎం కంపెనీ ఎల్‌ఎస్ వీ8. దీన్ని తిట్టేవాళ్లు చాలామంది, నడిపి చూసినవాళ్లు తక్కువ. అల్యూమినియం ఎల్‌ఎస్1 5.7 లీటర్లు, ఫ్యాక్టరీ నుంచే 350 దాకా హార్స్‌పవర్. బరువు పాత ఇనుప ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి దాదాపు సమానమే, పైగా పొట్టిది కాబట్టి వెనక్కి జరిపి కూర్చోబెట్టొచ్చు. పవర్‌కి పెట్టే ఖర్చు చూస్తే దీన్ని కొట్టేది లేదు. సమస్య ఏంటంటే పని ఇంజిన్ కూర్చోగానే అయిపోదు, అక్కడ మొదలవుతుంది: గేర్‌బాక్స్ కోసం టన్నెల్ దగ్గర సర్దుబాటు, కొత్త ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టీరింగ్ షాఫ్ట్‌కి తగలకుండా ఎగ్జాస్ట్, పెద్ద రేడియేటర్, ఇంజెక్షన్‌కి తగ్గ పెట్రోలు పంపు, రిటర్న్ లైను, పలచటి బాడీకి అదనపు ఫ్రేమ్ బలం. ఇవన్నీ ముందే రాసుకుని ఇంజిన్ ధరకి కలిపి చూడండి. చాలా గ్యారేజీల్లో సగంలో ఆగిపోయి దుమ్ము పట్టిన జెడ్‌లన్నీ ఇంజిన్ ధర ఒక్కటే చూసి మొదలుపెట్టినవే. ఇంజిన్ రకం మారితే రిజిస్ట్రేషన్‌కి, పొగ పరీక్షకి మీరున్న చోట ఏ రూల్స్ వర్తిస్తాయో కూడా కొనకముందే కనుక్కోండి.

కార్బ్యురేటర్లా, ఇంజెక్షనా?

రెండు రౌండ్ టాప్ ఎస్‌యూ రకం హిటాచీలు మామూలు వాడకానికి చాలు. 1973, 74 అమెరికా కార్ల మీద వచ్చిన ఫ్లాట్ టాప్‌లని మాత్రం బాగుచేయాలని చూడకండి, వెతికి పాత రౌండ్ టాప్‌లు తెచ్చి పెట్టడం మేలు. మూడు వెబర్ 40లు గానీ మికునీ 44లు గానీ పెడితే చూడటానికీ వినడానికీ పండగే, పూర్తి థ్రాటిల్‌లో పికప్ అదిరిపోతుంది, కానీ జెట్లు, వెంచురీలు మీ ఇంజిన్‌కి తగ్గట్టు పెట్టగలిగిన మనిషి దగ్గర్లో లేకపోతే వాసన, మిస్‌ఫైర్, టెన్షన్ తప్ప ఏమీ మిగలవు. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి ఏ కార్బ్యురేటర్ పెట్టినా కింద హీట్ షీల్డ్ ఉండాలి, లేకపోతే వేడి కారు ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే పెట్రోలు గిన్నెలోనే మరిగి సతాయిస్తుంది.

280జెడ్‌కి కంపెనీ ఇచ్చిన బాష్ ఎల్-జెట్రోనిక్ ఇంజెక్షన్‌ని పీకేసి కార్బ్యురేటర్లు పెట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది. అందులో ఎక్కువ సమస్యలు కనెక్టర్లు పచ్చగా కిలుం పట్టడం వల్ల వచ్చేవే. ఇంజెక్టర్, టెంపరేచర్ సెన్సర్, ఎయిర్ ఫ్లో మీటర్ కనెక్టర్లు కొత్తవి వేసి ఎర్త్ వైర్లు శుభ్రం చేసి అప్పుడు నిర్ణయించుకోండి.

గేర్‌బాక్స్, క్లచ్, డిఫరెన్షియల్

నాలుగు గేర్ల 240జెడ్‌కి 1981-83 జెడ్‌ఎక్స్ ఐదు గేర్ల బాక్స్ కంటే మంచి మార్పు లేదు. మొదటి గేర్ 3.062, ఐదోది 0.745, హైవే మీద ఇంజిన్ గోల తగ్గిపోతుంది. బోల్టులు అవే.

కొంప ముంచేది గేర్‌బాక్స్ కాదు, క్లచ్ రిలీజ్ బేరింగ్ కూర్చునే కాలర్. కాలర్‌ని గేర్‌బాక్స్‌కి జత అనుకుని దాంతో వచ్చినదాన్నే వాడతారు, అసలు అది ప్రెజర్ ప్లేటుకి జత. 225 మిల్లీమీటర్ల క్లచ్ ప్లేటు ఎత్తు వేరు, నాలుగు సీట్ల 2+2 మోడల్‌లో, టర్బోలో వచ్చిన 240 మిల్లీమీటర్లది వేరు. తప్పు కాలర్ పెడితే క్లచ్ పూర్తిగా విడవదు, లేదా ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి జారుతుంది. ప్రెజర్ ప్లేటు బిగించి, దాని మీద బేరింగ్‌తో కూడిన కాలర్ పెట్టి, ఫ్లైవీల్ ముఖం నుంచి కాలర్‌పై ఫోర్క్ తగిలే చోటు దాకా కొలవండి, సుమారు 92 మిల్లీమీటర్లు రావాలి. గేర్‌బాక్స్ పైకెత్తకముందే ఈ కొలత తీసుకుంటే రెండోసారి కారు కింద పడుకోవాల్సిన పని తప్పుతుంది.

డిఫరెన్షియల్ విషయానికొస్తే 240లో ఆర్180, 280లో ఆర్200. ఎల్28 మామూలుగా నడిపేవాళ్లకి ఆర్180 చాలు, మలుపుల్లో లోపలి చక్రం తిరిగిపోతోంది అనుకుంటే సుబారు ఎస్‌టీఐలోని లిమిటెడ్ స్లిప్ ఆర్180ని తగిన స్టబ్ యాక్సిల్స్‌తో ఇందులోకి తెస్తారు, తేలికగా ఉండి చక్కగా పనిచేస్తుంది. టర్బో, ఆర్‌బీ, వీ8 అంటే ఆర్200 తప్పనిసరి, దాంతో పాటు దాని సొంత వెనక మౌంటింగ్ బార్ కూడా. వెనక హబ్ స్టబ్ యాక్సిల్స్‌లో కూడా తేడా ఉంది, 240, 260లో 25 స్ప్లైన్లు, 280లో 27. ఎక్కువ టార్క్‌కి 280వే తీసుకోండి.

బ్రేకులు

టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ల నాలుగు పిస్టన్ల ముందు కాలిపర్లు జెడ్‌కి బోల్టు మీద కూర్చోవడం ఈ లోకంలో అందరికీ తెలిసిన రహస్యం. ఎస్12+8 అనే రకం పాత సాలిడ్ డిస్క్ మీదే వస్తుంది, వెనక దుమ్ము రేకు కాస్త కత్తిరిస్తే చాలు. ఎస్12డబ్ల్యూ రకం వెడల్పు, దానికి జెడ్31 300జెడ్‌ఎక్స్ వెంటిలేటెడ్ డిస్క్, హబ్ మధ్యలో స్పేసర్ కావాలి. స్టాక్ ఇంజిన్‌కి మొదటిది, ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్లకి రెండోది. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడల్ లోతుకి వెళుతుంది కాబట్టి 7/8 అంగుళాల మాస్టర్ సిలిండర్ తీసి జెడ్‌ఎక్స్ 15/16ది పెడతారు. ముందు బ్రేకు ఒక్కటే పెంచితే వెనక డ్రమ్ములు లెక్కలోకి రాకుండా పోతాయి, ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి. ఇంజిన్ మామూలుదే అయితే నేను ముందు చేయమనేది వేరే: కొత్త ఫ్లెక్సిబుల్ పైపులు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు, వెనక షూల సర్దుబాటు. చాలా కార్లకి అంతకుమించి అక్కర్లేదు.

వైరింగ్: తక్కువ ఖర్చు, ఎక్కువ సుఖం

ఎవరూ ఫోటో తీసి చూపించుకోరు గానీ అన్నిటికంటే లాభం ఇక్కడే. పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ తీసి ఈ12-80 మాడ్యూల్ ఉన్న జెడ్‌ఎక్స్ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టడం ఒక మధ్యాహ్నం పని. బ్యాలస్ట్ రెసిస్టర్ తప్పించాలి, తొలి 240లలో ఆర్‌పీఎం మీటర్ కాయిల్ కరెంటు లైనులోనే ఉంటుంది కాబట్టి దాని వైరింగ్ ఎలా కలపాలో ముందే చూసుకోవాలి. జెడ్‌ఎక్స్ 60 ఆంప్స్ ఆల్టర్నేటర్, లోపలే రెగ్యులేటర్ ఉన్నది, కూడా అంతే సులువు, కానీ వైరింగ్‌లో డయోడ్ పెట్టడం మరిస్తే తాళం తీసేసినా ఇంజిన్ ఆగదు. హెడ్‌లైట్ల కరెంటు మొత్తం పాత స్విచ్ గుండానే పోతుంది, అది వేడెక్కి కరిగిపోకముందే రిలేలు పెట్టేయండి.

జెడ్ కాకపోతే

టొయోటా ఏఈ86లో 1587 సీసీ 16 వాల్వుల 4ఏ-జీఈ బదులు అదే కుటుంబంలోని 20 వాల్వులది పెడతారు, సిల్వర్‌టాప్ 160, బ్లాక్‌టాప్ 165 పీఎస్, సిలిండర్‌కి ఒక థ్రాటిల్. నాకు చాలా ఇష్టమైన మార్పు ఇది. అయితే అది అడ్డంగా కూర్చునే ముందు చక్రాల డ్రైవ్ ఇంజిన్, నిలువుగా పెడితే డిస్ట్రిబ్యూటర్ వెనక గోడకి తగులుతుంది, నీళ్ల పైపులూ అటే వస్తాయి, కాబట్టి కాయిల్ ప్యాక్‌లకి, కొత్త నీటి పైపులకి కూడా లెక్క కట్టుకోండి.

మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5, 1.6 ఇంజిన్‌ది ఉంటే 1.8 ఇంజిన్ దాదాపు అలాగే దిగిపోతుంది, టర్బో కంటే ముందు అదే చూడండి. 1.6 కారు డిఫరెన్షియల్ బలహీనం, 1.8ది పెట్టాలంటే డ్రైవ్ షాఫ్ట్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా దానివే తేవాలి. తొలి కార్లలో క్రాంక్ ముక్కు పొట్టిగా ఉంటుంది, అక్కడ కీ అరిగి పుల్లీ ఊగుతోందేమో చూశాకే ఆ ఇంజిన్ మీద డబ్బు పెట్టండి.

మాజ్డా ఆర్‌ఎక్స్-7 ఎఫ్‌డీ వేరే లోకం. దాని రోటరీ ఇంజిన్ 13బీ-ఆర్‌ఈడబ్ల్యూలో పిస్టన్ల బదులు తిరిగే రోటర్లుంటాయి, రెండు టర్బోలు వరసగా పనిచేస్తాయి, రెండోది 4500 ఆర్‌పీఎం దగ్గర అందుకుంటుంది, ఆ పని చేయించే వాక్యూమ్ పైపుల అడవి వేడికి పెళుసెక్కుతుంది. రోడ్డు కారుకి పైపులన్నీ సిలికోన్‌వి వేసి వరస టర్బోలనే ఉంచమంటాను, ఒకే పెద్ద టర్బో పెడితే పైపుల బాధ పోతుంది గానీ కింది ఆర్‌పీఎంలో ఉన్న చురుకుదనం కూడా పోతుంది. ఏది పెట్టినా బూస్ట్ పెంచేముందు పెట్రోలు సరఫరా, ఈసీయూ సరిచూడాలి, ఒక్కసారి గట్టిగా నాకింగ్ వస్తే రోటర్ మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్ విరుగుతుంది.

ఒరిజినల్ పార్టులు దొరకవన్న భయం కూడా ఇప్పుడు కొన్ని కార్లకి తగ్గింది. నిస్సాన్ 2017లో ఆర్32 జీటీ-ఆర్ పార్టులు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది, మాజ్డా కూడా అదే ఏడాది మొదటి తరం ఎంఎక్స్-5కి ఆ పని చేస్తామని ప్రకటించింది, టొయోటా తర్వాత సుప్రా, ఏఈ86 పార్టులు తెచ్చింది. మార్చేముందు ఒకసారి ఆ జాబితాలు చూడండి.

ఎవరో ఇంజిన్ మార్పిడి (స్వాప్) సగంలో ఆపిన కారు చవకగా వస్తోందంటే ఇంజిన్ వైపు చూడకండి. వైరింగ్ డయాగ్రామ్ ఉందా, ఈసీయూ పాస్‌వర్డ్ ఇస్తారా, ప్రొపెల్లర్ షాఫ్ట్ చేయించారా, తీసేసిన ఒరిజినల్ పార్టులు డబ్బాల్లో ఉన్నాయా అని అడగండి. నాలుగిటికీ లేదు అనే సమాధానమే వస్తే, ఖాళీ బాడీకి ఇచ్చే ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ చెప్పకండి.